డాక్టరమ్మ గీసిన సున్నాలు

ఆ ఏడాది ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసాలు రేపు మొదలవుతాయనగా డాక్టరమ్మ మా అమ్మకి ఒక కాగితం మీద సున్నాలు గీసి ఇచ్చింది.

అమ్మకి చదువు రాదు. అందుకని సున్నా అంతా నలుపు పూస్తే మాత్ర మొత్తం, సగం పూస్తే సగం మాత్ర, పావు పూస్తే పావు. వారానికొక వరస, రోజుకి రెండేసి సున్నాలు. మొత్తం పది వరసలు. ఆఖరి వరసలో అన్నీ ఖాళీ సున్నాలే.

“ఏమీ మింగని రోజుకి కూడా సున్నా ఎందుకు డాక్టరమ్మా, సిరా దండగ,” అంది అమ్మ.

“అలాంటి రోజు వస్తుందని మీరు నమ్మడానికి,” అంది సెమీరా డాక్టరమ్మ. ఆవిడ నవ్వలేదు. అప్పటికే మా మీద కోపంగా ఉంది. మెస్కెల్ సిలువ పండగప్పుడు నాలుగు వారాలకని రాసిచ్చిన మందు అమ్మ ఐదు నెలలుగా మింగుతోంది. “నాలుగు వారాలయ్యాక రమ్మన్నానా లేదా? ఇన్నాళ్లూ ఎవరిచ్చారు మీకు?”

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది బల్లి వైపు చూశాను. నెలనెలా ఆ పాత చీటీ పట్టుకుని బజార్లో మందుల కొట్టుకి వెళ్లింది నేనే. కొట్టువాడు చీటీ మీద తేదీ చూసిన పాపాన పోలేదు, నేను చూపించనూ లేదు. అమ్మ బాగానే ఉంది కదా, మళ్లీ ఆసుపత్రి వరసలో ఎండకి నిలబడటం ఎందుకనుకున్నాను.

మా వీధుల్లో కాల్పులు జరిగిన ఏడాది నుంచి అమ్మకి ఈ జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. ఊపిరి అందేది కాదు. పొయ్యి మీద బార్లీ మాడిపోతున్నా వదిలేసి, నేను చచ్చిపోతున్నానంటూ వీధిలోకి పరిగెత్తేది. మా ఇల్లు బీరిల్లు. గుమ్మం ముందు కర్రకి డబ్బా బోర్లిస్తే లోపల బీరు కాచి అమ్ముతారని మా ఊళ్లో అందరికీ తెలుసు. బెంచీల మీద కూర్చున్న మగవాళ్లు చేతుల్లో గ్లాసులతో అమ్మ పరుగు చూసేవాళ్లు. ఆ చూపులకి నాకు తల కొట్టేసినట్టుండేది. మాత్ర మొదలుపెట్టిన వారానికి ఆ పరుగు ఆగిపోయింది. అమ్మ మళ్లీ తాగేవాళ్లని ఆటపట్టించడం మొదలుపెట్టింది.

“ఈ మందు చెడ్డదేం కాదు,” అంది డాక్టరమ్మ. “కొన్నాళ్ల పాటైతే మంచిదే. ఎక్కువ రోజులు వాడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. అప్పుడు ఒక్కసారిగా లాగేసుకుంటే ఊరుకోదు. వణుకు వస్తుంది, నిద్ర పట్టదు, మూర్ఛలు కూడా రావచ్చు. అందుకే మెల్లిగా దింపుతున్నా. ఏ వారమైనా కష్టంగా ఉంటే అదే వరసలో ఆగి నా దగ్గరికి రండి. అంతేగాని ఒక్కరోజు కూడా మొత్తానికి మానొద్దు. విన్నావా అమ్మాయ్?”

విన్నాను. వినలేదని నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

“బీరు తాగుతున్నారా?” అని అమ్మని అడిగింది.

“తాగటమా? మీరొద్దన్న రోజు నుంచి నాలుక్కి కూడా తగలనివ్వట్లేదు. కాచేది నేను, రుచి చూసేది మా అమ్మాయి యెషి. దీని నాలుక సంగతి మీకు తెలీదు. సగం మంది పక్క వీధి బీరింటికి పోయారు.”

“పోనివ్వండి. ఈ మందూ మద్యమూ కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగుతుంది. మాత్రలు ఎవరికైనా ఇచ్చారా?”

అమ్మ శాలువా అంచు వేలికి చుట్టుకుంది. “పక్కింటి ముసలావిడకి నిద్ర పట్టట్లేదంటే... ఒకటి. ఒకటే.”

“ఆ ఒకటీ ఇవ్వకండి. రేపు ఆవిడ పెరట్లోకి వెళ్తూ తూలి పడితే?”

ఉపవాసాల్లో మధ్యాహ్నం ప్రార్థన అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని అమ్మ మొండికేస్తే, డాక్టరమ్మ కాసేపు వాదించి చివరికి దానికి తగ్గట్టే సర్దింది. మధ్యాహ్నం ఒకటి, పడుకునే ముందు ఒకటి. ఆవిడది వేరే మతం. తమ ఉపవాసాలప్పుడు తమవైపు రోగులూ ఇదే గొడవ పెడతారని అంది. లేచి వస్తుంటే అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

కాగితాన్ని మరియమ్మ పటం పక్కన గోడకి అంటించాం. రోజూ మధ్యాహ్నం ఇంజెరా రొట్టె, షిరో పప్పుపులుసు తిన్నాక అమ్మ బ్లేడుతో మాత్రని రెండు ముక్కలు చేసేది. ముక్కలు సమానంగా రాకపోతే పెద్దది పగటికి, చిన్నది రాత్రికి. మింగాక బొగ్గుముక్కతో ఆ సున్నా మీద గీత కొట్టేది.

“సగం మాత్ర మింగితే సగం భయమే పోతుందిటే?” అని నన్నడిగేది.

“మిగిలిన సగం నాకివ్వు. నాకు అసలే భయం లేదని నువ్వే తిడతావుగా,” అనేదాన్ని.

మొదటి వారం బాగా గడిచింది. రెండో వారం నిద్ర కొంచెం తగ్గింది. మూడో వారంలో మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది, చిన్న చప్పుడికి ఉలిక్కిపడేది. డాక్టరమ్మ చెప్పింది గుర్తుంచుకుని అదే వరసలో ఆగుదామన్నాను. అమ్మ సరేనంది. గురువారం నాడు తనే పాట పాడుతూ బార్లీ వేయించింది. పొగలో నిలబడి పాడుతున్న ఆవిణ్ని చూసి, ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను. నిజంగానే గట్టెక్కేవాళ్లం.

శనివారం అస్నకెచ్ పిన్ని వచ్చింది. అమ్మకి సొంత చెల్లెలు, మనసు వెన్న. చేతిలో పసుపుపచ్చ క్యాను, నిండా మైకేల్ తీర్థం. కొండకింద మైకేల్ చర్చి దగ్గర ఒక నీటిబుగ్గ ఉంది. మూడేళ్లుగా వంగని పిన్ని మోకాలు అక్కడ ఏడు రోజులు తడిశాక వంగింది. వంచి చూపించింది కూడా.

“అక్కా, ఏడు తెల్లవారుజాములు. పరగడుపున ఆ నీళ్లకింద నిలబడితే చాలు. నీ ఒంట్లో ఉన్నది ఏదైనా సరే, దాని దారిన అది పోతుంది.”

“నా ఒంట్లో ఏముందే, ఎముకలు తప్ప,” అంది అమ్మ.

పిన్ని గోడ మీది కాగితం చూసింది. అది ఏమిటో చెప్పాక మొహం ముడుచుకుంది. “మాత్రలు మింగుతూ తీర్థానికి రాకూడదక్కా. అక్కడ ఎవరూ మింగరు. తీర్థం పని తీర్థం చేసేటప్పుడు మధ్యలో మందు దూరిస్తే దేవుణ్ని నమ్మనట్టే కదా.”

అలాగని చర్చి పుస్తకాల్లో ఎక్కడా లేదు. చెప్పిన అయ్యగారూ లేరు. కానీ బుగ్గ దగ్గరికి వెళ్లే ఆడవాళ్లలో ఒకరి నుంచి ఒకరికి ఆ మాట అలా నడిచి వచ్చేసింది. మాకు తెలిసినంతలో అదే నియమం.

అమ్మ తీర్థం క్యాను తీసుకెళ్లి మరియమ్మ పటం కింద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, “గెరిమా అయ్యగారిని ఒక మాట అడుగుదామా?” అంది. గెరిమా అయ్యగారు ఆ బుగ్గ చూసుకునే పెద్దాయన. అమ్మ పాపాలు ఒప్పుకునేదీ ఆయన దగ్గరే.

“ఏమని అడుగుతావు?” అన్నాను. “అడిగితే ఏం మందని అడుగుతారు. చెప్తే పక్కన నిలబడ్డ వాళ్లు వింటారు. పిచ్చికి మందు మింగేదాని చేతి బీరు రేపటి నుంచి ఎవరు తాగుతారు?”

అమ్మ ఇంకేం అడగలేదు. నేనన్నది బీరు గురించి అయినా, మనసులో ఉన్నది అది కాదు. నాకు ఆ మాత్రల మీద విసుగు పుట్టింది. బ్లేడూ, బొగ్గుముక్కా, వణికే చెయ్యీ అన్నీ ఏడు రోజుల్లో పోతాయంటే ఆశ పుట్టింది. ఇరవై నాలుగేళ్లదాన్ని. అమ్మ జబ్బుకి కాపలా కాసీ కాసీ అలిసిపోయాను. ఆదివారం బయల్దేరేటప్పుడు మాత్రల పొట్లం మాత్రం తీసి, శాలువా కొంగున ముడేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. పిన్నికి తెలియకుండా ముడేశాను.

బుగ్గ దగ్గర ఒక మట్టిగది అద్దెకి తీసుకున్నాం. నేల మీద గడ్డి పరిచి ముగ్గురం పడుకునేవాళ్లం. తెల్లారకముందే ఆడవాళ్లంతా తెల్ల బట్టల్లో రాతిగోడ పక్కన బారులు తీరేవారు. గోడలోంచి గొట్టం, గొట్టంలోంచి మంచులాంటి నీళ్లు. ఒక్కొక్కరే కింద నిలబడితే అయ్యగారు సిలువ నెత్తికి ఆనించి ప్రార్థన చదివేవారు. అమ్మ మొదటి రోజు పళ్లు టకటకలాడిస్తూ బయటికొచ్చి, “ఈ చలికి నాలో దెయ్యముంటే నిన్ననే పారిపోయుండేది,” అంది. బారులో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు.

రెండో రోజు నవ్వలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదంది. మూడో రోజు ఒళ్లంతా చెమట. గుమ్మంలోంచి పడే వెలుగు కళ్లలో గుచ్చుకుంటోందని శాలువా మొహం మీదికి లాక్కుంది. మధ్యాహ్నం తిన్నది నిలవలేదు. గోడ మీద చీమలు పాకుతున్నాయని, దులపమని అడిగింది. గోడ మీద ఏమీ లేదు. అయినా ఆవిడ తృప్తి కోసం చేత్తో దులిపాను.

నాలుగో రోజు తీర్థం అయ్యాక, గేటు పక్కనున్న పల్చటి రాయి మీద కూర్చుంది. తడి బట్టలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. పిన్ని పొడి శాలువా తేవడానికి గదికి వెళ్లింది. అమ్మ నా ముందు చెయ్యి చాచింది. ఆ చెయ్యి గాల్లో ఒకచోట నిలవడం లేదు.

“నువ్వు తెచ్చే ఉంటావు. నా కూతురు నాకు తెలీదా. సగం ఇవ్వవే.”

నేను వంగి ఆవిడ తడి కొంగు పిండాను.

“పోనీ పావు. ఆ కాగితంలో పావు సున్నా ఉందిగా, అంత. మీ పిన్నికి చెప్పన్లే.”

“తేలేదమ్మా,” అన్నాను.

ముడి నా నడుముకి ఆనుకునే ఉంది. విప్పడానికి ఎంతసేపు? అప్పటికి నాలుగు రోజులు గడిచాయి, ఇంకా మూడే మిగిలాయి. ఇప్పుడు మింగితే నాలుగు రోజులూ బూడిదలో పోసినట్టే అనుకున్నాను. ఇంత పవిత్రమైన చోట డాక్టరమ్మ చెప్పిన మాట పనిచెయ్యదని కూడా అనుకున్నాను. అమ్మ నా మొహంలోకి కాసేపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. దాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. అబద్ధమని ఆవిడకి తెలుసనే నా అనుమానం.

పిన్ని వచ్చాక సంగతి చెప్పాను. “అది పోయే ముందు అలాగే అడిగిస్తుంది,” అంది అమ్మకి పొడి శాలువా కప్పుతూ. “ఇంకెంతోసేపు ఉండదు.”

ఆరో రోజు అమ్మ నీళ్లకింద నిలబడింది. సిలువ నెత్తికి ఆనగానే ఒక్క కేక పెట్టి వెనక్కి విరుచుకుపడింది. కాళ్లూ చేతులూ రాళ్లకేసి కొట్టుకుంటున్నాయి. కళ్లు పైకి తేలిపోయాయి. నీళ్లు అలా మొహం మీద పడుతూనే ఉన్నాయి.

“పోతోంది, పోతోంది,” అంది ఎవరో. ఉపవాసాల్లో డోలు మోగకూడదు గానీ ఆడవాళ్ల గొంతుల్ని ఎవరాపుతారు. గోడ పొడుగునా అందరూ నాలుకలాడిస్తూ సంతోషంతో కూత పెట్టారు. పెళ్లిలో, పురుట్లో పెట్టే కూత. పిన్ని కన్నీళ్లు కారుస్తూ కూత పెట్టింది.

నేను కూడా పెట్టాను. అమ్మ అలా కొట్టుకుంటుంటే, నేను గొంతెత్తి సంతోషపు కూత పెట్టాను.

ఆపమని అరిచింది గెరిమా అయ్యగారే. సిలువ పక్కన పెట్టి, ఆ ముసలాయన నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని, అమ్మని గొట్టం కింద నుంచి బయటికి లాగారు. పక్కకి తిప్పి, తన తలపాగా విప్పి ఆవిడ తలకింద పెట్టారు.

“ఎవరి మనిషి ఈవిడ? ఏమైనా మందు వాడుతోందా?”

నేను ముందుకొచ్చాను. కొంగు ముడి విప్పి పొట్లం చూపించాను.

“ఎప్పుడు మానేసింది?”

“ఆదివారం.”

ఆయన పొట్లం వైపు, విప్పిన ముడి వైపు చూశారు. బజాజ్ ఆటో పిలవమని గేటు దగ్గరివాళ్లకి చెప్పారు.

కొండదారిలో అమ్మకి ఇంకో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. ఆసుపత్రిలో సెమీరా డాక్టరమ్మ ఆ మందునే సూదిలో ఎక్కించింది. నేను ఇవ్వనన్న మందే. కొట్టుకోవడం ఆగింది. కానీ రాళ్ల మీద పడ్డప్పుడు తలకి లోపల దెబ్బ తగిలింది, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయాయి. మర్నాడు మధ్యాహ్నం ప్రార్థన గంటలు వినిపిస్తుండగా అమ్మ పోయింది. ఆ వేళకి రోజూ బ్లేడు తీసేది.

డాక్టరమ్మ నా మీద కోప్పడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “ఎన్ని వరసలు అయ్యాయి?” అని మాత్రం అడిగింది.

“మూడు,” అన్నాను.

అమ్మ పోయిన మూడో రోజు ప్రార్థనకి గెరిమా అయ్యగారు మా ఇంటికి వచ్చారు. అందరూ వెళ్లాక బెంచీ మీద నా ఎదురుగా కూర్చున్నారు. గోడ మీది కాగితం వైపు చూసి అదేంటని అడిగారు. చెప్పాను. ఒక్కొక్క వరసా వేలితో చూపిస్తూ ఖాళీ సున్నాల దాకా చెప్పాను.

“నా దగ్గరికి బీపీ మాత్రలు మింగేవాళ్లు వస్తారు, షుగరు వాళ్లు వస్తారు,” అన్నారాయన. “నేనెవర్నీ మానమనలేదమ్మా. మందు కూడా దేవుడిచ్చిందే. మీ అమ్మ నన్నొక మాట అడిగి ఉంటే మింగే రమ్మనేవాణ్ని.”

“అడుగుదామనే అంది. నేనే వద్దన్నాను.”

తర్వాత మిగిలిందంతా చెప్పేశాను. ముడి గురించి, తేలేదన్న అబద్ధం గురించి, కూత గురించి. నేను చేసిన పాపానికి ఏం శిక్ష వేస్తారో వెయ్యమన్నాను. వంద సాష్టాంగాలైనా, ఏడాది ఉపవాసమైనా చేస్తానన్నాను.

“నువ్వు అడగలేదు, సరే. ఇరవై ఏళ్లుగా ఆ గొట్టం పక్కన నిలబడి, వచ్చినవాళ్లని నేనూ అడగలేదు. ఏం మానేసి వచ్చారని ఒక్కర్ని కూడా అడగలేదు,” అన్నారు. లేచి గుమ్మం దాకా వెళ్లి, “బుధవారం తెల్లారి ఒకసారి రా,” అన్నారు.

ఆ బుధవారం వెళ్లలేకపోయాను. ఆ తర్వాతి బుధవారమూ కాళ్లు రాలేదు. మూడో బుధవారం వెళ్లాను. ఉపవాసాలు ఇంకా అయిపోలేదు. ఆడవాళ్లు తెల్ల బట్టల్లో గోడ పక్కన అలాగే బారు తీరి ఉన్నారు. గేటు పక్కన పల్చటి రాయి మీద ఒకావిడ కూర్చుని ఉంది. అమ్మ వయసే ఉంటుంది.

గెరిమా అయ్యగారు బారు మొదటినుంచి ఒక్కొక్కరి దగ్గరా ఆగి వంగి చెవిలో ఏదో అడుగుతున్నారు. ఆవిడ దగ్గరా ఆగారు. ఆవిడ సిగ్గుపడి అటూ ఇటూ చూసింది. తర్వాత కొంగులోంచి కాగితం పొట్లం తీసి, “దాచేసుకున్నానయ్యా. మింగటం లేదు. ఒట్టు,” అంది.

“ఎప్పట్నుంచి?”

“నిన్నట్నుంచి.”

ఆయన ఇత్తడి గిన్నె గొట్టం కింద పట్టి నింపి తెచ్చారు. “డాక్టరు ఎలా మింగమంటే అలా మింగు. ఇదిగో, దీంతోనే మింగు.”

ఆవిడ నమ్మలేనట్టు చూసింది. మాత్ర నాలుక మీద వేసుకుని, రెండు చేతుల్తో గిన్నె ఎత్తి ఒక్క గుక్క తీర్థం తాగింది. మూతి తుడుచుకుని, లేచి బారులో నిలబడింది.

నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ఎంతోసేపు పట్టలేదు. శాలువా ముడి విప్పినంతసేపు కూడా పట్టలేదు. ఆవిడ లేచి వెళ్లిన రాయి మీద గిన్నెలోంచి ఒలికిన తడి ఇంకా ఆరలేదు. మూడు వారాల కిందట ఆ రాయి మీదే కూర్చుని మా అమ్మ నన్ను పావు అడిగింది.